వనపర్తి జవాబులు

ఆగస్టు 4, సోమవారం, గద్వాల

సర్వే మొదలైంది. మొదటి రోజే ముగ్గురు డాక్టర్లు నన్ను ఎవరు పంపారని అడిగారు. ఒకాయన నా ఐడీ కార్డు వెనక్కి తిప్పి చూశాడు. ఇంకొకాయన నేను ఎదురుగా కూర్చుని ఉండగానే మా కాలేజీకి ఫోన్ చేసి, సంధ్య అనే పీజీ డాక్టర్ ఉందా అని కనుక్కున్నాడు. ఉందన్నాక కూడా పూర్తిగా నమ్మినట్టు లేదు. ఏదో స్కానింగ్ సెంటర్ వాళ్ళు నన్ను తిప్పుతున్నారని అనుకున్నాడట.

నేను అడిగేది ఏమంత పెద్ద రహస్యం? ఏ బాధా లేని మనిషిలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ముందే కనిపెట్టాలంటే ఏ పరీక్ష చేయించాలి, ఎవరికి చేయించాలి, ఎన్నాళ్ళకొకసారి. ఈ సంగతి మన డాక్టర్లకు ఎంత తెలుసో చూడటమే పని. మా ప్రొఫెసర్ ఉమారాణి మేడమ్ దీన్ని నాకూ శ్రవణ్ కుమార్‌కూ కలిపి ఇచ్చారు. ఇద్దరం ఒకే ఏడాది చేరినవాళ్ళం. గద్వాల నాది, వనపర్తి అతనిది, నాగర్‌కర్నూల్‌కు ఆఖర్లో ఇద్దరం వెళ్ళాలి.

మేడమ్ షరతు ఒక్కటే. ఒక జిల్లాలో సర్వే అయ్యేదాకా అక్కడ ఎవరికీ సరైన జవాబు చెప్పకూడదు. ఒకరికి చెబితే పదిమందికి పాకుతుంది, ఇక మేం కొలిచేది ఏముంటుంది?

ఆగస్టు 7, గురువారం

సుధాకర్ గారి క్లినిక్. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే సూది వేసింది ఈయనే. అన్నిటికీ ఎక్స్-రే అన్నారు. ఏడాదికోసారి ఎక్స్-రే తీయిస్తే చాలన్నారు. పొగ తాగేవాళ్ళకు దగ్గు వస్తే అప్పుడు చూస్తానన్నారు. నేను తల ఊపకుండా, ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా జవాబులు ఫోన్‌లో నింపుకున్నాను. మేడమ్ నేర్పించిందే అది.

లేవబోతుంటే ఆపారు. "ఇప్పుడు చెప్పమ్మా, నేను చెప్పింది కరెక్టేనా?"

"సర్వే అయిపోయినంక చెప్త సార్."

"అప్పటిదాంక వచ్చేటోళ్ళను నేనేం జెయ్యాలె?"

నవ్వి వచ్చేశాను. రూలు రూలే.

ఆగస్టు 9, శనివారం

శ్రవణ్ వనపర్తి ఇంకా మొదలుపెట్టలేదట. బద్ధకం.

ఆగస్టు 14, గురువారం

మొదలుపెట్టాడు. ఫోన్‌లో నింపిన జవాబులన్నీ ఇద్దరికీ కనపడతాయి. అతని మొదటి డాక్టర్ దేవదాసు గారు, వనపర్తిలో చాలా పాత ప్రాక్టీసు. అన్నీ తప్పు. ఎక్స్-రే, కఫం పరీక్ష, దగ్గు. గద్వాల అయినా వనపర్తి అయినా అంతేనన్నమాట. చెప్పకూడదు గానీ కొంచెం ఊరటగా అనిపించింది. మా ఊరివాళ్ళే వెనకబడి లేరు.

ఆగస్టు 20, బుధవారం

ఏదో తేడాగా ఉంది.

సోమవారం నుంచి వస్తున్న వనపర్తి జవాబులు అన్నీ ఒప్పే. ఒక్కరు కాదు, ఇద్దరు కాదు, అందరూ. తక్కువ రేడియేషన్‌తో చేసే సీటీ స్కాన్ అన్నారు. యాభై దాటి ఎనభై లోపు, ఏళ్ళ తరబడి రోజుకో పెట్టె కాల్చినవాళ్ళకు అన్నారు. మానేసినా పదిహేనేళ్ళ దాకా ప్రమాదం ఉంటుందని కూడా అన్నారు. గద్వాలలో ఈ మాట అన్నది ఒకే ఒక్కరు, ఆమె కూడా హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన ఆవిడ.

అదొక్కటే అయితే వనపర్తి డాక్టర్లు బాగా చదువుతారనుకుందును. సొంత మాటల్లో చెప్పమనే ప్రశ్న ఒకటుంది. దానికి ముగ్గురు ఒకే వాక్యం చెప్పారు: "ఎక్స్-రేల కనవడేసరికి చెయ్యి దాటిపోతది." ముగ్గురు మనుషులు, ఒకే నోరు.

శ్రవణ్ ఏదో హోటల్లో కూర్చుని, టీ తాగుతూ, తనే నింపేస్తున్నాడా?

అట్లాంటివాడు కాదు.

కానీ వాక్యం ఒక్కటే.

ఆగస్టు 21, గురువారం

ఫోన్ ఎత్తలేదు. సాయంత్రం మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

ఆగస్టు 22, శుక్రవారం

ఎత్తాడు. ఎక్కడున్నావంటే, "వనపర్తిలనే ఉన్న" అన్నాడు. అతని వెనక నుంచి ఒక ఆడగొంతు తర్వాతి స్టేషన్ పేరు తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో చెప్పింది. మెట్రో రైలు. వనపర్తికి మెట్రో ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు.

నేను మెట్రో మాట ఎత్తలేదు. సరే జాగ్రత్త అని పెట్టేశాను.

ఆగస్టు 23, శనివారం

నాకు కోపం లేదు.

ఆగస్టు 25, సోమవారం

హైదరాబాద్‌లో ఏ పెద్ద ఆసుపత్రిలోనో ఉద్యోగం వెతుక్కుంటున్నాడేమో. అందుకే ఇక్కడి పని తొందరగా వదిలించుకోవాలని కూర్చున్నచోటే జవాబులు రాసేస్తున్నాడేమో. లేదా ఎవరైనా ఉన్నారేమో అక్కడ. ఉంటే ఉండనీ, నాకెందుకు? నా బాధ జవాబుల గురించి. ఈ సర్వే మీద అచ్చయ్యే రీసెర్చ్ పేపర్లో నా పేరు కూడా ఉంటుంది.

అమ్మ మగ్గానికి నూలు కండెలు చుడుతూ, ఆ పిలగాడు ఈ నడుమ వస్తలేడేంది అంది. పోయిన హెల్త్ క్యాంపు అప్పుడు శ్రవణ్ మా ఇంటికి వచ్చి, నాన్న మగ్గం గుంట పక్కన కింద కూర్చుని, నూలు చీరకు పట్టు అంచు ఎట్లా అతుకుతారో అడిగి అడిగి తెలుసుకున్నాడు. అప్పటినుంచి అమ్మకు అతడంటే ఇష్టం. పని మీద ఉన్నాడని చెప్పాను.

"ఏమన్న అన్నవా వాన్ని?" అంది.

ఏమీ అనలేదు. నిజంగానే ఏమీ అనలేదు కదా.

ఆగస్టు 28, గురువారం

గద్వాల పూర్తయింది. అతడు అడగలేదు, నేను చెప్పలేదు.

ఆగస్టు 30, శనివారం

వనపర్తి వెళ్ళివచ్చాను. మా పెద్దమ్మ వాళ్ళకు చీర ఇచ్చి రావాలంది అమ్మ, నేనే పోతానన్నాను. అమ్మకు అబద్ధం చెప్పలేదు, చీర ఇచ్చే వచ్చాను.

ముందు దేవదాసు గారి క్లినిక్‌కు వెళ్ళాను. తాళం. పక్కన మందుల షాపు అతను సార్ తీర్థయాత్రకు పోయిండన్నాడు. ఎదురుగా జిరాక్స్ కొట్టు ఆవిడ సార్ బిడ్డ దగ్గరికి పోయిండంది. ఒకే మనిషి రెండు చోట్లకు ఎట్లా పోతాడు?

తర్వాత రమేష్ అనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఒకే వాక్యం చెప్పిన ముగ్గురిలో ఈయన ఒకరు. నేను సర్వే మాట ఎత్తకుండా, కాలేజీ నుంచి వచ్చానని చెప్పి, మా దగ్గరినుంచి ఇంతకుముందు ఎవరైనా వచ్చారా అన్నాను.

ఆయన నా కార్డు చూశాడు. నా ముఖం చూశాడు. "లేదే. ఎవ్వరు రాలె" అన్నాడు.

అయిపోయింది. ఇక అనుమానం ఏముంది?

తిరిగి వచ్చే బస్సులో పక్కన కూర్చున్నామె ఒంట్లో బాగా లేదా బిడ్డా అని అడిగింది.

సెప్టెంబర్ 1, సోమవారం

మేడమ్‌కు చెప్పాను. ఒకే వాక్యం సంగతి, మెట్రో సంగతి, రమేష్ గారి మాట.

"శ్రవణ్‌ను అడిగినవా?"

"లేదు మేడమ్. అడిగితే సర్దుకుంటడు."

బాగానే చెప్పాననిపించింది.

సెప్టెంబర్ 2, మంగళవారం

మేడమ్ గదిలో ముగ్గురం. అతడు నన్ను చూస్తాడని, ఆ చూపుకు ఏం చేయాలో కూడా ఆలోచించుకుని వెళ్ళాను. చూడలేదు.

జవాబులు తాను పుట్టించలేదన్నాడు. అందరి దగ్గరికీ వెళ్ళానన్నాడు. రమేష్ గారు ఎవ్వరూ రాలేదన్నారని మేడమ్ అంటే, ఆయన ఎందుకట్లా అన్నాడో తనకు తెలియదన్నాడు. ఇరవై రెండో తారీఖు ఎక్కడున్నావని అడిగారు.

"హైదరాబాద్‌ల."

"సంధ్యకు వనపర్తి అని ఎందుకు చెప్పినవ్? అక్కడ ఏం పని?"

"అది నేను చెప్పలేను మేడమ్."

మేడమ్ ఇంకోసారి అడిగారు. మళ్ళీ అదే మాట. పొగరుగా కాదు, బతిమాలుతున్నట్టు కూడా కాదు. నేను అనుకున్నదానికంటే చిన్న గొంతుతో.

సర్వే నుంచి తీసేశారు. అచ్చంపేటలో గ్రామీణ పోస్టింగ్‌కు వెళ్ళమన్నారు. వనపర్తి మొత్తం నేను మళ్ళీ చేయాలి.

చెప్పలేని పని ఏముంటుంది? తప్పు పని అయితేనే కదా చెప్పలేరు.

సెప్టెంబర్ 4, గురువారం

అన్నం తినబుద్ధి కావడం లేదు. ఎండలకు.

సెప్టెంబర్ 9, మంగళవారం, వనపర్తి

మళ్ళీ మొదటినుంచి అడగడం మొదలుపెట్టాను.

ఈ రోజు నలుగురు డాక్టర్లను అడిగాను. నలుగురూ నా ఎదురుగా, నా కళ్ళలోకి చూస్తూ, సరైన జవాబే చెప్పారు. తక్కువ రేడియేషన్ సీటీ. వయసు. ఎన్నేళ్ళు కాల్చారు. మానేసి ఎన్నేళ్ళు. ఒకాయనైతే, మన దగ్గర టీబీ మచ్చలు ఎక్కువ గనుక స్కాన్‌లో కనపడిందల్లా క్యాన్సర్ అనుకోవద్దని నాకే జాగ్రత్త చెప్పాడు.

రమేష్ గారు ఆఖర్న. ఆయనా అంతే. ఆ వాక్యం కూడా చెప్పాడు.

"సార్, మీ దగ్గరికి ఎవ్వరూ రాలేదన్నరు గద ఆరోజు?" అన్నాను.

ఆయన పెన్ను మూత పెట్టి తీసి పెట్టాడు. "వచ్చిండమ్మా, శ్రవణ్ అనే పిలగాడు. మీరు చెప్పకుండ చెయ్యకుండ వచ్చి ఎవరన్న వచ్చిన్రా అంటే, తనిఖీకి వచ్చిన్రనుకున్న. ఎందుకొచ్చిన లొల్లి అని లేదన్న."

ఆయనకు నా మీద అనుమానం. ఆ అనుమానంతో ఆయన ఆడిన అబద్ధాన్ని నేను సాక్ష్యంగా మోసుకుపోయాను.

సెప్టెంబర్ 10, బుధవారం

రాత్రంతా ఆలోచిస్తే తేలింది. జవాబులు నిజమే కావచ్చు. అయితే శ్రవణే వాళ్ళకు ముందుగా నేర్పి ఉంటాడు. లేకపోతే అందరికీ ఒకేసారి ఎట్లా తెలుస్తుంది? నేర్పడం కూడా మోసమే. షరతు తప్పాడు. కాబట్టి నేను మేడమ్‌కు చెప్పింది మొత్తానికి తప్పేమీ కాదు.

హైదరాబాద్ సంగతి ఇంకా అట్లాగే ఉంది కదా.

సెప్టెంబర్ 11, గురువారం

మీకు ఇవన్నీ ఎవరు చెప్పారని ఇద్దరిని అడిగాను. ఒకరు నవ్వి ఊరుకున్నారు. ఇంకొకరు, చదువుకున్నం మేడమ్, తప్పా అన్నారు. ఇక్కడ అందరూ కలిసి ఏదో దాస్తున్నారు. దేవదాసు గారి క్లినిక్‌కు ఇంకా తాళమే. ఆయన పేరెత్తితే మాట మారుస్తున్నారు.

ఈ సంగతులేవీ మేడమ్‌కు చెప్పలేదు. పూర్తిగా తేలాక చెబుతాను.

సెప్టెంబర్ 19, శుక్రవారం

తేలలేదు.

సెప్టెంబర్ 24, బుధవారం

అమ్మ శ్రవణ్‌కు ఫోన్ చేసిందట, నాకు చెప్పకుండా. అచ్చంపేటల ఉన్నడంట, బాగున్నడంట, నిన్ను ఒక్క మాట అనలే అంది. అనడానికి ఏముందని అరిచాను. నాన్న మగ్గం ఆపి ఇటు చూశాడు.

అక్టోబర్ 8, బుధవారం, వనపర్తి

దేవదాసు గారు వచ్చారని తెలిసి ఇంటికే వెళ్ళాను. వాలుకుర్చీలో ఉన్నారు, చొక్కా గుండీలు పెట్టుకోలేదు, కుడివైపు చంక కింద ప్లాస్టరు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్ళింది. నేను పేరు చెప్పగానే, శ్రవణ్ దోస్తువా అన్నారు. అవునన్నాను.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

"ఆ పిలగాడు వచ్చి ప్రశ్నలన్ని అడిగిండు. అన్నిటికి ఎక్స్-రే అన్న. ఆఖర్ల మీరు పొగ తాగుతరా సార్ అన్నడు. తాగుతుంటి, రోజుకు పెట్టె పైనే, మానేసి ఐదారేండ్లాయె అన్న. వయసు చెప్పిన. అప్పుడు ఫోన్ టేబుల్ మీద బోర్లించి పెట్టిండు. నేనేమో ఎన్ని తప్పు జెప్పిన్నో లెక్క వెడుతుండనుకున్న. 'సార్, మేము అడుగుతున్న మనిషి మీరే' అన్నడు."

మానేశాను కదా, ఇక భయం లేదనుకున్నారట ఇన్నాళ్ళూ. దగ్గు లేదు, ఆయాసం లేదు. మర్నాడే హైదరాబాద్ వెళ్ళి స్కాన్ చేయించుకున్నారు. కుడి ఊపిరితిత్తి పై భాగంలో చిన్న గడ్డ. తర్వాత శుక్రవారం సూదితో ముక్క తీసి చూశారు. క్యాన్సరే. మొదటి దశ. ఆ ఒక్క భాగం కోసి తీసేశారు, వేరే మందులు కూడా అక్కర్లేదన్నారట, ఎప్పటికప్పుడు చూపించుకుంటే చాలట.

రెండుసార్లూ తోడు వెళ్ళింది శ్రవణ్. ఆయన భార్యకు గుండెజబ్బు. సంగతి తేలేదాకా ఇంట్లో తెలియకూడదని, ఊళ్ళో అసలే తెలియకూడదని, శ్రవణ్ చెయ్యి పట్టుకుని మాట తీసుకున్నారట. ఆ మధ్య ఆదివారం నాడు డాక్టర్లందరినీ ఇంటికి టిఫిన్‌కు పిలిచి, చదువుకొచ్చినదంతా కూర్చోబెట్టి చెప్పారు. ఎక్స్-రేల కనవడేసరికి చెయ్యి దాటిపోతదని పదే పదే అన్నారు. తన సంగతి మాత్రం చెప్పలేదు. డాక్టరుకే క్యాన్సర్ అంటే జనం వస్తరా అన్నారు. సర్వే వాళ్ళకు ఈ టిఫిన్ సంగతి ఎత్తవద్దని, లేకపోతే పిలగాని మీదికి వస్తదని అందరికీ చెప్పారట.

శ్రవణ్ మీదికి రాకూడదని.

"ఎట్లున్నడు వాడు? ఫోన్ జేస్తే అచ్చంపేటల ఉన్న, బాగున్న అంటడు. అచ్చంపేటల ఏం పని వానికి?"

చెప్పాను. నేను ఏం చేశానో మొత్తం చెప్పాను. ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. ఊపిరి తీసుకుంటే నొప్పి ఉన్నట్టుంది, ఆగి ఆగి మాట్లాడారు.

"నన్నన్న అడగొద్దా, సార్ చెప్పమంటరా అని. ఒక్కసారి అడగలె."

అక్టోబర్ 9, గురువారం

దేవదాసు గారే రాత్రి మేడమ్‌కు ఫోన్ చేశారు. అయినా నేను వెళ్ళి నా నోటితో చెప్పాను. వనపర్తి జవాబులు నిజమేనని నెల కిందటే తెలిసి కూడా దాచుకున్నానని చెప్పాను.

మేడమ్ కిటికీలోంచి చూస్తూ, అతను డాక్టర్‌కు జవాబు చెప్పడం తప్పే అన్నారు. చెప్పకపోతే ఆయన వచ్చే ఏడాది ఉండేవారా మేడమ్ అన్నాను. మేడమ్ ఇటు తిరిగి, వనపర్తి జవాబులు లెక్కలోకి రావు, మొత్తం తీసెయ్యి అన్నారు.

తీసేశాను. నిజంగా తెలిసినవాళ్ళు ఉన్న ఊరే మా పేపర్లో ఉండదు.

శ్రవణ్‌ను మళ్ళీ సర్వేలోకి తీసుకుంటానని మేడమ్ తనే ఫోన్ చేసి చెప్పారు. "నీ తరఫున నేను చెప్పను. నీది నువ్వు చెప్పుకో" అన్నారు.

అక్టోబర్ 11, శనివారం, గద్వాల

సుధాకర్ గారి దగ్గరికి వెళ్ళి సరైన జవాబులు చెప్పాను. అంతా విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఇద్దరు యాదికొస్తున్నరు అన్నారు. ఒకరు ఇటిక్యాల రైతు, ఒకరు మా వీధిలోనే మగ్గం నేసే ఆయన. ఇద్దరినీ సోమవారం పిలిపిస్తానన్నారు. వాళ్ళు ఎవరిని నమ్మి అంతదూరం స్కాన్‌కు పోతారో, ఏమవుతుందో తెలియదు.

గద్వాల సర్వే ఆగస్టులోనే అయిపోయింది. ఈయనకు ఆనాడే చెప్పి ఉండవచ్చు. నాకు తోచనే లేదు. నేను వేరే పనిలో ఉన్నాను.

అక్టోబర్ 13, సోమవారం

రేపు అచ్చంపేట. ఏం చెప్పాలో నాలుగుసార్లు రాసి కొట్టేశాను.

అక్టోబర్ 14, మంగళవారం

శ్రవణ్ ఆసుపత్రి వరండాలో ఉన్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, బయటివాళ్ళు వస్తే లేచినట్టు. అది నచ్చలేదు నాకు. నచ్చకపోవడానికి నాకు హక్కు లేదు.

అనుకున్నవేవీ నోటికి రాలేదు. నిన్ను దొంగ అనుకున్న, పోయి చెప్పిన, నాది తప్పు అన్నాను. మెట్రో గొంతు విన్న రోజే అడగాల్సింది అన్నాను.

"అడిగినా చెప్పకపోదును. సార్‌కు మాట ఇచ్చిన" అన్నాడు.

"మరి?"

"కని నువ్వు అడుగుతవనుకున్న, సంధ్యా. పదకొండు దినాలు చూసిన. దినాం ఫోన్ వస్తదని చూసిన. ఆఖరికి చూస్తే మేడమ్ గదిల కుర్చీల కూసొని ఉంటివి."

కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అన్నాడు. తర్వాత నాగర్‌కర్నూల్ జిల్లాలో ఏయే డాక్టర్లు ఉన్నారో అడిగాడు. చెప్పాను. ఎవరు ఎవరిని అడగాలో పంచుకున్నాం, లింగాల అతనికి వచ్చింది. అచ్చంపేటలోనే ఇద్దరు డాక్టర్లను కలిసి, సాయంత్రం బస్‌స్టాండ్‌కు నడిచాం. దారి పొడుగునా అతడు రెండడుగులు ముందు.

బస్సు నిండా జనం. అతడు ముందే ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు, పక్క సీటులో తన సంచి. నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. వేరే ఎవరికో సీటు ఆపుతున్నాడేమో, నన్ను కూర్చోవద్దనే పెట్టాడేమో అనుకున్నాను. బస్సు కదిలాక సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. రమ్మనలేదు. నేను కూర్చున్నాను.

నాగర్‌కర్నూల్ వచ్చింది. దిగి, నేను గద్వాల వైపు బస్సు కోసం అటు తిరిగితే, వెనక నుంచి, "రేపు లింగాల పోవాలె. పొద్దుగాల బస్సు ఉంది" అన్నాడు. చూస్తే ఇటు తిరిగి లేడు, బస్సు పక్కన కండక్టర్ కూడా నిలబడి ఉన్నాడు. అతనితో అన్నాడేమో అనుకోబోయాను.

నాతోనే అన్నాడు.